ప్రియదర్శిని పెట్టె, జెరాక్సు అంగడి

మెట్లు చూసుకొని ఎక్కండి. మూడో మెట్టు అంచు విరిగి చాన్నాళ్ళయింది. రాత్రి ఎనిమిదిన్నర అయినా మిద్దె మీద బండలు ఇంకా కాలుతూనే ఉన్నాయి, చెప్పులు అప్పుడే విడవొద్దు. పగలంతా తాగిన ఎండను కడప బండ అంత సులువుగా వదిలిపెట్టదు. పొద్దు గూకినాక రెండు బిందెల నీళ్ళు చల్లినాం. బుస్సుమని ఆవిరి లేచింది, తడిమట్టి వాసన వచ్చింది, అంతే. అందుకే ఈతచాప, దాని మీద రెండు దుప్పట్లు, వాటి మీద మనం. ఆ మూల నులకమంచం మా అమ్మది. దాని మీద మటుకు ఎవరూ కూర్చోకూడదు.

ఇటు చూడండి. ఆ లైట్ల గుంపు వేంపల్లె నాలుగురోడ్ల కూడలి. పులివెందుల నుంచి కడపకు పోయే బస్సు అక్కడ ఆగి, మనుషులను దించి, హారన్ కొట్టుకుంటూ కదిలింది. ఇషా అజాన్ కాసేపటి కిందే అయింది. అవతల నల్లగా కనపడేది కొండల వరుస. దాన్ని చీల్చుకొని పాపాఘ్ని ఇవతలికి వచ్చే చోటే గండి, ఆంజనేయస్వామి ఉండేది అక్కడ. ఈ నెలలో ఏట్లో నీళ్ళుండవు, ఇసకే. గాలి కూడా ఆ ఇసక మీది నుంచే వస్తుంది, పొడిగా, గొంతు గీరుకుపోయేటట్టు. కుండలో నీళ్ళున్నాయి, తాగండి.

సినిమా చూపించేది మా అన్న కూతురు. కడపలో డిగ్రీ చదువుతుంది, రోజూ బస్సులో పోయి వస్తుంది. ఒళ్ళో ల్యాప్‌టాప్, పక్కన ఫోను. ఆ ఫోనులోని నెట్టే ల్యాప్‌టాప్‌కు ఎక్కించింది. మా మండలంలో ల్యాప్‌టాప్ ఇప్పుడు వింతేం కాదు. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ 2008లో మొదలైనప్పటి నుంచి పదో తరగతి పాసైన పల్లె పిల్లలు వందల మంది దాన్ని సంకలో పెట్టుకొని తిరిగినారు. మా అమ్మ దాన్ని ‘పెట్టె’ అంటుంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, దీనితో పనుంది.

“జేజీ, భయపడవు గదా?” అంది పాప.

“భయమేందే, నేను చూడని సినిమానా,” అంది మా అమ్మ నులకమంచం మీద కాళ్ళు ముడుచుకొని.

పాప పెట్టిన సినిమా పేరు ‘డబ్ల్యూ డబ్ల్యూ డబ్ల్యూ’. ఎవరు, ఎక్కడ, ఎందుకు అనే మూడు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలవి. 2021 డిసెంబర్ 24న సోనీలివ్‌లో వచ్చింది. తీసింది కె.వి.గుహన్. ‘అతడు’కూ ‘దూకుడు’కూ కెమెరా పట్టినాయనే. ముఖ్యపాత్రలు అదిత్ అరుణ్, శివానీ రాజశేఖర్. దాదాపు కథంతా కంప్యూటర్ తెరల మీదే జరుగుతుంది. మనం చూసేది తెరలోపలి తెరను. ఇట్లాంటివి బయట అప్పటికే వచ్చినాయి: 2018లో అమెరికాలో ‘సెర్చింగ్’, 2020 సెప్టెంబర్‌లో మలయాళంలో ‘సీ యూ సూన్’. ఆ మలయాళం సినిమాను లాక్‌డౌన్ రోజుల్లో ఐఫోనుతో తీసినారు.

ఇప్పుడు లైటు తీసేసినాం. మన మొహాల మీద ల్యాప్‌టాప్ వెలుగు ఒక్కటే. తెర మీద కరోనా రోజులు. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ స్నేహితులు, నాలుగు చదరాలుగా చీలిన తెర, ఒక్కో చదరంలో ఒక్కో మొహం. నవ్వుకుంటున్నారు, ఒకరినొకరు ఆట పట్టించుకుంటున్నారు. ఆ కాల్‌లోనే ఒక అమ్మాయి పరిచయం, మాట మాట కలిసి ప్రేమ. మా అమ్మకు ఇది బాగానే ఉంది. “అవతలోళ్ళు ఇవతలోళ్ళు అందరూ కనపడతాండారే,” అని ముచ్చట పడింది. ఆ తర్వాత ఆ అమ్మాయి ఉండే ఇంట్లోకి ముక్కూమొహం తెలియనివాడు దూరినాడు. ప్రేమించినవాడు తన గదిలో, తన కుర్చీలో, తన తెర ముందు. అంతా కనపడుతుంది, చెయ్యి మాత్రం అందదు.

“వీడు పోయి పట్టుకోడా?”

“పోలేడు జేజీ, వేరేచోట ఉండాడు.”

“మరి చూసి ఏం లాభం?”

అది సినిమాకు ఆయువుపట్టులాంటి ప్రశ్న. డెబ్భై దాటిన మనిషి పావుగంటలో పట్టేసింది.

కథలో దూకుడు పెరిగింది. మీరు కూడా ముందుకు జరిగినారు, గమనించినారా? పక్కింటి మిద్దె మీద ఎవరో దగ్గితే అందరం ఉలిక్కిపడినాం. సరిగ్గా అప్పుడు పాప ఫోను ‘టింగ్’ మంది. మామూలు మెసేజీ శబ్దమే. పాప దాన్ని చూసింది, బోర్లా తిప్పి దుప్పటి మీద పెట్టింది. మళ్ళీ టింగ్. మళ్ళీ. సినిమా చూడకుండా ఆ పిల్ల చేతిని చూడండి. దుప్పటి కొసను వేలికి చుట్టుకుంటుంది, విప్పుతుంది, మళ్ళీ చుట్టుకుంటుంది.

“ఎవరు పాపా?”

“ఎవరో లే అత్తా.”

“ఆపు సినిమా.”

తెర మీద ఆ అమ్మాయి మొహం, నోరు సగం తెరిచి, అట్లే నిలిచిపోయింది. పాప ఫోను నా చేతికి ఇచ్చింది. ఇరవై రెండు రోజులుగా వస్తున్నాయి. పేరు లేదు, ఫోటో లేదు, నంబరు ఒక్కటే. ఒకదాన్ని బ్లాక్ చేస్తే ఇంకొక నంబరు. మొదట ‘హాయ్’, ‘గుడ్ మార్నింగ్’. ఆ తర్వాత, ‘ఈ పొద్దు మొదటి క్లాసు ఎగ్గొట్టినావే’. ఆ తర్వాత, ‘మీ నాయనకు చీనీ తోటలో నష్టమంట గదా, ఫీజు నేను కట్టేదా’. ఇప్పుడు, మనం ఇక్కడ కూర్చొని ఉండగా వచ్చిన మూడు: ‘సినిమా బాగుందా?’ ‘మిద్దె మీదనే గదా?’ ‘జేజికి కంటి ఆపరేషన్ సోమవారమేనా?’

మీరు చుట్టూ చూసినారు. నేనూ చూసినాను. ఎదురు మిద్దెలు, నీళ్ళ ట్యాంకులు, దూరంగా సెల్‌టవర్ మీద ఎర్రదీపం. ఏ చీకట్లో ఎవడు కూర్చున్నాడో అని ఒళ్ళు జలదరించింది. ల్యాప్‌టాప్‌కు నెత్తిన ఉండే ఆ చిన్న కెమెరా కంటిని పాప చున్నీ కొసతో మూసేసింది. మా అమ్మ లేచి కూర్చుంది.

ఇరవై రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదే అని అడిగితే పాప ఒకటే మాట అంది: “చెప్తే ఫోను పెరుక్కుంటారు అత్తా. బస్సు మానిపిస్తారు.”

దీని దగ్గర కాసేపు ఆగుదాం. వెంటాడేవాని బలమంతా ఈ ఒక్క వాక్యంలో ఉంది. వాడు తెలివైనవాడు కావడం వల్ల కాదు, ఇంట్లో చెప్తే శిక్ష తనకే పడుతుందని పిల్లకు ముందే తెలిసి ఉండటం వల్ల వాడు ఇరవై రెండు రోజులు నడిపినాడు. సినిమాల్లో ఎప్పుడూ ఒక మేధావి ఉంటాడు. చీకటి గది, ఆరు తెరలు, నెత్తి మీదికి లాక్కున్న టోపీ, చకచకా కదిలే వేళ్ళు. 2018 జూన్‌లో తెలుగులో వచ్చిన విశాల్ సినిమా ‘అభిమన్యుడు’లో అర్జున్ వేసిన పాత్ర అట్లాంటిదే. చెల్లెలి పెళ్ళికి తెచ్చిన అప్పు ఖాతాలోంచి మాయమైపోతే మన గుండె ఆగినంత పనవుతుంది. మంచి సినిమా, మన వివరాలు ఎక్కడెక్కడ అమ్ముడుపోతాయో ఇంటింటికీ అర్థమయ్యేటట్టు చెప్పింది. కానీ దాన్ని చూసి ఇంటికి పోయినవాడు మేధావులకే భయపడతాడు. మన ఊర్లలో మేధావి అవసరం ఎక్కడుంది? 2017లో ఉత్తరప్రదేశ్‌లో ఏం బయటపడిందో హిందుస్థాన్ టైమ్స్ రాసింది. రీఛార్జి అంగళ్ళలో అమ్మాయిలు చెప్పిన నంబర్లను నోటుబుక్కులో రాసుకొని, అందాన్ని బట్టి 50 రూపాయల నుంచి 500 దాకా వెల కట్టి అమ్మినారు. పెన్ను, నోటుబుక్కు. వాళ్ళు వాడిన సాంకేతిక పరిజ్ఞానం అంతే.

సరే, మన మిద్దె మీదికి వద్దాం. పాప చేతులు వణుకుతున్నాయి, ఫోను నా దగ్గరే ఉంది. అన్న కింద పడుకున్నాడు, వదిన వంటింట్లో ఉంది. ఇప్పుడే పిలిస్తే గొడవే జరుగుతుంది, పని జరగదు. మనమే ఆలోచిద్దాం.

“ఆపరేషన్ సోమవారమని ఎవరికి చెప్పినావు?”

“ఎవరికీ చెప్పలేదత్తా... నా ఫ్రెండుకు ఒక్కదానికే.”

“నోటితోనా?”

“వాట్సాప్‌లో.”

“చీనీ తోట సంగతి?”

“అదీ తనకే. వాట్సాప్‌లోనే.”

“మిద్దె మీద సినిమా చూస్తాండామని?”

పాప నోరు తెరిచింది, మూసింది. సినిమా మొదలు కాకముందు అదే స్నేహితురాలికి మెసేజీ పెట్టింది. మనం ఎక్కి వచ్చిన ఈ మిద్దె గురించి, చాప గురించి, జేజి మంచం గురించి.

అంటే ఎదురు మిద్దె మీద ఎవడూ లేడు. ట్యాంకు వెనకాల ఎవడూ లేడు. వాడు మనల్ని చూడట్లేదు, పాప రాసేది చదువుతున్నాడు. ఇది అర్థమైన క్షణాన భయం తగ్గిందని చెప్పలేను, భయానికి ఒక ఆకారం వచ్చింది. ఆకారం ఉన్నదాన్ని పట్టుకోవచ్చు.

ఫోను ఇట్లా వంచుతాను, మీరూ చూడండి. వాట్సాప్ తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కి, ‘లింక్డ్ డివైజెస్’. పాప ఫోనుకు లింకై ఉన్న యంత్రాలు ఇక్కడ కనపడాలి. ఆ పిల్లకు తెలిసి ఏదీ లేదు. తెర మీద ఒక వరస ఉంది: గూగుల్ క్రోమ్, విండోస్. దాని కింద, ఈ సాయంత్రం వాడినట్టు సమయం.

“నీ ల్యాప్‌టాప్‌లో ఎప్పుడైనా పెట్టినావా?”

“లేదు. దీంట్లో వాట్సాప్ పెట్టనే లేదు.”

“మరి ఎక్కడ పెట్టినావు?”

పాప కళ్ళు మూసుకుంది. చెంప మీద చెయ్యి పెట్టుకుంది. “జెరాక్సు అంగడి అత్తా.”

మీకూ ఇది తెలిసిన పనే. అసైన్‌మెంటు పీడీఎఫ్ ఫోనులో ఉంటుంది, ప్రింటు తీయాల. అంగట్లో వాళ్ళు ‘వాట్సాప్ వెబ్ తెరవండి’ అంటారు. కంప్యూటర్ తెర మీద ఒక నల్లచుక్కల చదరం వస్తుంది, ఫోనును దానికి ఎదురుగా పెడితే టక్కున మన వాట్సాప్ అంతా అక్కడ తెరుచుకుంటుంది. ఫైలు దించుకుంటారు, ప్రింటు వస్తుంది, వెనకాల ఇంకా పదిమంది నిలబడి ఉంటారు, బస్సు టైమవుతుంది. చిల్లర తీసుకొని వచ్చేస్తాం. అక్కడ మన వాట్సాప్ తెరిచే ఉంటుంది. ఫోనును పద్నాలుగు రోజులు అసలు వాడకుండా పెడితే అది తనంతట తాను తెగుతుంది. రోజూ వాడే ఫోనుకు ఆ అవకాశం ఎక్కడిది? వాట్సాప్ సందేశాలకు తాళం గట్టిదే, దారిలో ఎవరూ చదవలేరు, కంపెనీ కూడా చదవలేదు. కానీ తాళంచెవికి నకలు చేసి అంగడి బల్ల మీద మనమే పెట్టి వచ్చినాం. అంగట్లో కూర్చున్న పిల్లోడు చేసిందల్లా, దాన్ని తిరిగి ఇవ్వకపోవడం.

పాప చెయ్యి ‘లాగౌట్’ మీదికి పోయింది. ఆగు! మీరు కూడా అదే అనాలి: ఆగు. కోపంలో అందరం చేసే తప్పు ఇదే. నొక్కితే వరస మాయమవుతుంది, వాడు ఉన్నాడనే గుర్తు కూడా దానితోనే పోతుంది. ముందు నా ఫోనుతో ఆ తెరను ఫోటో తీసినాం, సమయం కనపడేటట్టు. స్క్రీన్‌షాట్ కూడా తీసినాం. వాడు పంపిన ప్రతి సందేశాన్ని, నంబర్లతో, తేదీలతో, ఒకటొకటిగా తీసినాం. అరగంట పట్టింది. ఆ అరగంటలో పాప వణుకు తగ్గింది. చేతికి పని దొరికితే అట్లా ఉంటుంది. అంతా అయినాక ‘లాగౌట్’ నొక్కింది. వరస పోయింది. వాట్సాప్‌కు రెండంచెల తాళం పెట్టినాం, ఫోను లాకు నమూనా మార్చినాం, గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ ఎవరికైనా పోతుందేమో చూసినాం. పోవట్లేదు.

ఇంతలో వదిన పైకి వచ్చింది. మొహాలు చూసి పసిగట్టింది. చెప్పినాం. వెనకాలే అన్న. “యా అంగడి? పద, వాని సంగతి ఇప్పుడే చూస్తా,” అని చొక్కా వేసుకుంటున్నాడు. వదిన ఏడుస్తుంది. “నేను ముందే చెప్తి. ఆ ఫోను తీసి బీరువాలో పెట్టు. ఇంగ కాలేజీకి పోయేది లేదు. ఊర్లో తెలిస్తే ఎవరు చేసుకుంటారు?” వదిన చెడ్డది కాదు. ఆమెకు తెలిసిన రక్షణ అదొక్కటే, ఆమె తల్లి ఆమెకు ఇచ్చింది కూడా అదే. పాప నా వైపు చూసింది. ఇరవై రెండు రోజులు ఏ మాటకు భయపడిందో ఆ మాట వచ్చేసింది.

అప్పుడు మా అమ్మ మాట్లాడింది. నిదానంగా, మంచం పట్టె పట్టుకొని.

“ఒసే, మాయాబజార్ సూసినావా నువ్వు?”

వదినకు ఏం చెప్పాలో తోచలేదు.

“దాంట్లో ఒక పెట్టె ఉంటాది. ప్రియదర్శిని. ఈ పాప పెట్టె మాదిరే. మూత తీస్తే యా ఊర్లో ఉండేటోళ్ళయినా కనపడతారు.”

మా అమ్మ ఆ సినిమాను పన్నెండేళ్ళప్పుడు టూరింగ్ టాకీసులో నేల మీద కూర్చొని చూసింది. 1957 మార్చి 27న వచ్చిన సినిమా అది. తీసిన కె.వి.రెడ్డి తాడిపత్రి మనిషి, తీయించిన నాగిరెడ్డి మా కడప జిల్లా మనిషి. అందుకే దాన్ని మా అమ్మ సొంత ఇంటి ముచ్చట మాదిరి చెప్తుంది. అప్పటికి వీడియో కాల్ అనే మాటే లేదు. అయినా ఆ సినిమా తీసినవాళ్ళు ఒక పెట్టెను ఊహించి, దానికి ఒక నియమం కూడా పెట్టినారు. తెరిచినవాళ్ళకు అందులో తమకు ప్రియమైనదే కనపడుతుంది. బలరాముడు తెరిస్తే దుర్యోధనుడు. రేవతి తెరిస్తే నగలు. కృష్ణుడు తెరిస్తే, పాచికలతో శకుని. శశిరేఖ తెరిస్తే అభిమన్యుడు.

“శశిరేఖ సూస్తాంటే అభిమన్యునికి తెలీదా? తెల్సు. వాడూ ఈమెను సూస్తాండె. ఇద్దరూ పాడుకుంటాండ్రి. అది ప్రేమ. వీడు సేసింది ఏంది? పాపకు తెలీకుండా పెట్టె తెరిసినాడు. ఆ పెట్టెలో కనపడేది అవతల మనిషి కాదమ్మీ, తెరిసినోని మనసు. వాని మనసేందో వాడే మనకు సూపిచ్చినాడు. సిగ్గు వానిది. దానికి పాప ఫోను బీరువాలో పెడితే ఎట్టా?”

అన్న చొక్కా గుండీలు వేసుకోవడం ఆపినాడు.

“సినిమా పెట్టు,” అంది అమ్మ. “ఆ పిల్ల నోరు తెరుసుకొని అట్లే ఉండాది, పాపం. ఏమైతాదో సూద్దాం.”

మళ్ళీ పెట్టినాం. అన్న, వదిన కూడా చాప మీద కూర్చున్నారు. నేను తెర వైపే చూస్తున్నా, నా మనసు వేరే థియేటర్లో ఉంది. 2017 సెప్టెంబర్ 27న మురుగదాస్ తీసిన ‘స్పైడర్’ విడుదలైంది. మహేశ్ బాబు ఇంటెలిజెన్స్ బ్యూరోలో పనిచేస్తాడు, తాను రాసుకున్న సాఫ్ట్‌వేర్‌తో జనం ఫోన్లు వింటాడు. ఆపదలో ఉన్నవాళ్ళ ఏడుపు వినపడితే పోయి కాపాడతాడు. హాలంతా చప్పట్లు, నేనూ కొట్టినాను. అదే సాఫ్ట్‌వేర్‌తో కథానాయిక తన స్నేహితురాలితో చెప్పుకునే మాటలు విని ఆమె దగ్గరికి చేరుకుంటాడు. అప్పుడూ హాల్లో ఈలలే. ఆ అమ్మాయికి ఏ ఆపదా లేదు. పాప కూడా తన స్నేహితురాలితోనే చెప్పుకుంది. ఆ రోజు నేను ఈల వెయ్యలేదు కానీ, నవ్వినాను. ఈ రాత్రి ఆ నవ్వు నాకు గుచ్చుకుంటుంది.

ఆ సినిమాకు నెల పైచిలుకు ముందు, 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా చెప్పింది. తీర్పు ఢిల్లీలో వచ్చింది, మన హాళ్ళ దాకా రాలేదు. దశాబ్దాలుగా మన సినిమా వెంటపడటాన్నే ప్రేమ అని చూపించింది. కాలేజీ గేటు దగ్గర కాపు కాయడం, బస్సులో వెనక సీటు, ఇంటి ముందు సైకిలు బెల్లు. అమ్మాయి వద్దన్నది మొదటి సగం, ఒప్పుకున్నది రెండో సగం. ఆ సైకిలు ఇప్పుడు ఫోనులోకి వచ్చింది, అంతే తేడా. అంగట్లో కూర్చున్న ఆ పిల్లోడు తనను దొంగ అనుకొని ఉండడు, హీరో అనుకొని ఉంటాడు. ‘ఫీజు నేను కట్టేదా’ అని అడిగినాడు గదా, అది సినిమా మాటే. అందుకే ‘డబ్ల్యూ డబ్ల్యూ డబ్ల్యూ’లాంటి సినిమాలు, లోపాలున్నా, రావాలని నేను కోరుకుంటాను. వెంటపడే మనిషి అమ్మాయి వైపు నుంచి ఎట్లా కనపడతాడో చూపించే సినిమాలు మనకు చాలా తక్కువ.

పన్నెండు దాటినాక సినిమా అయిపోయింది. బండలు అప్పటికి చల్లబడినాయి. ఆ రాత్రి అందరం మిద్దె మీదే పడుకున్నాం. పాప జేజి మంచం మీద.

పొద్దున తొమ్మిదికి స్టేషన్‌లో ఉన్నాం. నాతో రండి, ఇది కూడా చూడాల. అన్న ఒక పక్క, నేను ఒక పక్క, మధ్యలో పాప, చేతిలో ఫోను, సంచిలో స్క్రీన్‌షాట్ల ప్రింట్లు. మహిళా కానిస్టేబుల్ కుర్చీ చూపించింది. అంతా విని మొదట అడిగింది, “లాగౌట్ ముందే చేసేసినారా, ఫోటో ఏమన్నా తీసినారా?” తీసినామన్నాం. ఆమె మొహం తేటపడింది.

చట్టం ఏం చెప్తుందో అక్కడే బెంచీ మీద కూర్చొని పాపకు చెప్పినాను. 2013కు ముందు మన శిక్షాస్మృతిలో వెంటాడటం అనే నేరానికి విడిగా సెక్షనే లేదు. ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత 354డి వచ్చింది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో అదే 78వ సెక్షన్. వద్దని స్పష్టంగా చెప్పినా మళ్ళీ మళ్ళీ వెంటపడటమే కాదు, స్త్రీ వాడే ఇంటర్నెట్‌నూ ఈమెయిల్‌నూ వేరే ఏ ఎలక్ట్రానిక్ సంభాషణనూ కనిపెట్టి చూస్తుండటం కూడా ఆ సెక్షన్ కింద నేరమే. మొదటిసారికి మూడేళ్ళ దాకా, మళ్ళీ చేస్తే ఐదేళ్ళ దాకా జైలు. అనుమతి లేకుండా వేరేవాళ్ళ ఖాతాలోకి చొరబడితే ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద ఇంకో మూడేళ్ళ దాకా జైలు, లేదా ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

కానీ ఒక మాట నాకు మింగుడు పడదు. మొదటిసారి దొరికినవానికి ఇది బెయిలు ఇవ్వదగిన నేరం. పొద్దున పట్టుకుంటే సాయంత్రానికి అదే బస్టాండులో నిలబడవచ్చు. రెండోసారి దొరికితేనే బెయిలు కష్టం. మొదటిసారికీ రెండోసారికీ మధ్య ఆ అమ్మాయి రోజూ ఆ బస్టాండు నుంచే పోవాల. ఇది మార్చాల్సిన చట్టం.

ఫిర్యాదు పాపే రాసింది. నేను చెప్తానంటే వద్దంది. ‘నాకు తెలియకుండా’ అనే మాట దగ్గర పెన్ను ఆపి, దాని కింద గీత గీసింది. వారం తర్వాత కేసు కట్టినారు, అంగడి కంప్యూటర్ పట్టుకపోయినారు. కేసు నడుస్తూ ఉంది. మా అమ్మకు సోమవారమే కంటి ఆపరేషన్ అయింది, బాగా కనపడుతుంది. పాప రోజూ ఎనిమిది గంటల బస్సు ఎక్కుతుంది, ఫోను చేతిలోనే ఉంటుంది.

ఇంటికి పోయినాక మీ ఇంట్లో అందరి ఫోన్లూ తీయండి. వాట్సాప్ తెరిచి, మూడు చుక్కలు నొక్కి, ‘లింక్డ్ డివైజెస్’ చూడండి. తెలియని యంత్రం కనపడితే ముందు ఫోటో తీయండి, ఆ తర్వాతే లాగౌట్ నొక్కండి. ఆపదైతే 112కు, మహిళల సాయానికి 181కి ఫోన్ చేయండి. ఫోను చూసినాక మీ పాపకు తిరిగి ఇచ్చేయండి.